జ్వరం ఏడో రోజు

యజ్ద్ పట్నంలో కుండలు చేసే కాజిమలీ ఆ శుక్రవారం పొద్దున్నే జ్వరంతో ఉన్న కూతురు మాహ్‌రుఖ్‌కి విరేచనం మందు తాగించాడు. ఏడో రోజున ఒళ్లే రోగంతో తేల్చుకుంటుందనీ, ఆనాడు మందు పడితే ప్రాణమే పోతుందనీ హకీం ముందే హెచ్చరించాడు.

"శనివారం నుంచి లెక్కపెట్టు అల్లుడూ, ఇవాళే ఏడు. కుండలైతే బాగానే లెక్కపెడతావు," అంది అత్త.

కాజిమలీ పరుగున వెళ్లి హకీంను పిలుచుకొచ్చాడు.

ఆయన పిల్ల నాడి చూస్తూ, "శనివారం జ్వరం ఏ వేళకొచ్చింది నాయనా?" అన్నాడు.

"దీపాలు పెట్టాక."

"మన లెక్కలో పొద్దు గుంకితే మర్నాడు మొదలైనట్టే, అది ఆదివారం కిందికే కదా వస్తుంది. భయంలో అదీ మరిచారా? ఇవాళ ఆరే."

కాజిమలీ గోడకు చేరగిలబడ్డాడు. తేల్చుకునే రోజు ఇంకా రానేలేదని అప్పుడు తట్టింది.

హకీం పిల్ల నుదుటి మీద తడిగుడ్డ మార్చాడు.

"రేపు నేనూ ఇక్కడే కూర్చుంటాను," అన్నాడు.