ఆయతులో రెండో సగం

ఉజ్బెకిస్తాన్‌లోని మర్గిలాన్‌లో ఆడవాళ్లకు ఖురాన్ చెప్పే హుర్మతోయ్‌ని అందరూ ఓతిన్ అని పిలుస్తారు. మతం చదువులు నిషేధించిన సోవియట్ల కాలంలో కిటికీలకు బొంతలు కట్టుకుని అమ్మమ్మ దగ్గర నేర్చిన చదువు ఆవిడది. అలాంటిది ఈమధ్య జనం ఆమె తోడికోడలు మస్తూరా చుట్టూ చేరుతున్నారు. మస్తూరా ఒకప్పుడు పెళ్లిళ్లలో ఆడి పాడి, తాగి తూలిన మనిషి. బుద్ధొచ్చాక అక్షరాలు దిద్దింది హుర్మతోయ్ దగ్గరే. ఇప్పుడు ఆమె నోరు విప్పితే చాలు, ఆడవాళ్లు కళ్లొత్తుకుంటారు. అది చూసినప్పుడల్లా హుర్మతోయ్ కడుపులో నిప్పులు పోసినట్టుండేది. నేను దిద్దించిన తొలి అక్షరం అలిఫ్‌తో నా నెత్తికే ఎక్కిందని ఉడికిపోయేది.

పొరుగునున్న ఓయ్నిసా కొడుకు తాగి మోటార్ సైకిల్ నడిపి, కాలవలో పడి చనిపోయాడు. ఇద్దరూ పరామర్శకు వెళ్లారు. హుర్మతోయ్‌ని పైవరసలో కూర్చోబెట్టారు. నా బిడ్డకు అల్లా కరుణ దక్కుతుందా అని ఆ తల్లి అడిగింది. రహ్మాన్, రహీమ్ అనే రెండు అల్లా నామాల తేడా హుర్మతోయ్ విడమరిచింది. మొదటి కరుణ ఈ లోకంలో అందరికీ, రెండోది పరలోకంలో విశ్వాసులకు అంది. పెద్దలు చెప్పిన వ్యాఖ్యానమే, పొల్లు పోలేదు. ఓయ్నిసా మాత్రం మస్తూరా వైపు తిరిగింది.

"నాకంత చదువు లేదు వదినా," అంది మస్తూరా. "నా కరుణ సమస్తాన్నీ ఆవరించింది అన్నాడాయన. నేనూ తాగినదాన్నే. ఆ సమస్తంలో నాకు చోటిచ్చినవాడు నీ బిడ్డను బయట నిలబెడతాడా?"

గదంతా వెక్కిళ్లు. హుర్మతోయ్ ఇక ఆగలేకపోయింది.

"ఖురాన్‌లో ఆ వాక్యం, ఆ ఆయతు, అక్కడితో అయిపోలేదు. దాన్ని భయభక్తులున్నవాళ్లకు రాసిపెడతాను అని ఉంది ఆ తర్వాత. సగం చదివి ఊరడించకు."

ఓయ్నిసా లేచి లోపలికెళ్లి తలుపేసుకుంది.

మర్నాడు పారాయణంలో హుర్మతోయ్ ఒక ఆయతు దగ్గర ఆగిపోయింది. ఖురాన్ ఎవరో గొప్పవాడి మీద కాక సామాన్యుడైన ప్రవక్త మీద దిగడమేమిటని కుళ్లుకున్న మక్కా పెద్దలకు చెప్పిన జవాబది. 'నీ ప్రభువు కరుణను పంచిపెట్టేది వీళ్లా?' ఎన్నోసార్లు పాఠం చెప్పిన మాటే. ఈసారి అది తననే అడిగినట్టుంది.

ఓయ్నిసా ఇంటికి వెళ్లింది. అక్కడ అప్పటికే మస్తూరా, టీ గిన్నెలు కడుగుతూ. నాకంటే ముందే వచ్చేసిందని మళ్లీ ఒళ్లు మండింది. అయినా వెళ్లి ఓయ్నిసా ముందు కూర్చుంది.

"నిన్న నేను చదివింది అబద్ధం కాదమ్మా. కానీ నీ బిడ్డను తలుచుకుని చదవలేదు, ఈ మస్తూరా మీద కడుపుమంటతో చదివాను. ప్రవక్త ఇంకో మాట చెప్పారు. అల్లా కరుణను నూరు పాళ్లు చేసి, ఒక్క పాలే భూమ్మీదికి దించాడట. పిల్లను తొక్కుతానేమోనని గుర్రం డెక్క ఎత్తేది దానివల్లే. నీ కడుపుకోతా ఆ ఒక్క పాలులోదే. మిగతాదంతా ఆయన దగ్గరే ఉంది. అందులో నీ బిడ్డకెంతో చెప్పడానికి నేనెవర్ని?"

ఓయ్నిసా భోరుమంది. ఏడుస్తూనే లేచి వెళ్లి మస్తూరాని వాటేసుకుంది.

హుర్మతోయ్‌కి గుండెలో ముల్లు కదిలింది. లేచి గిన్నెల దగ్గరికి వెళ్లి అంగీ చేతులు పైకి మడుచుకుంది.

"మీకెందుకక్కా, నేను కడుగుతాను," అంది మస్తూరా.

"నువ్వు ఓయ్నిసాని చూసుకో. గిన్నెలు నేను చూస్తాను."