బ్యాంకాక్‌లో దిగిన బామ్మర్ది

సౌదీలోని హుఫూఫ్‌లో మిట్టమధ్యాహ్నం ఒక విల్లా డాబా మీద ఏసీ విప్పుతుంటే గంగాధర్ వీడియో కాల్ చేశాడు. నా భార్య జయకు ఒక్కడే తమ్ముడు. రెండేళ్లు ఇక్కడే నా పక్క మంచంలో పడుకుని పనిచేసి, ఈ ఎండలు నావల్ల కావని పోయిన ఏడు ఇంటికి వెళ్లిపోయాడు.

"బావా, బ్యాంకాక్‌ల దిగిన! కంప్యూటర్ నౌకరి అన్నరు. మూడు రోజులే, చూసి, నచ్చితేనే చేరుత."

నా పై ప్రాణాలు పైనే పోయాయి. మా లేబర్ క్యాంపులో ఉండే నవాజ్ వాళ్ల తమ్ముడూ ఇలాగే నౌకరి అంటే బ్యాంకాక్ వెళ్లాడు. కారులో సరిహద్దు దాటించి, ఫోన్లో జనాన్ని ముంచే పనిలో కూర్చోబెట్టారు. చెయ్యనంటే కరెంటు షాకులు. ఆ పిల్లగాడు ఇప్పటికీ తిరిగి రాలేదు.

"ఓరి పిచ్చోడా! పాస్‌పోర్ట్ జేబుల పెట్టుకుని పోలీసుల కాడికి ఉరుకు!"

"పాస్‌పోర్ట్ కంపెనీ సారుకిచ్చిన."

"ఎందుకిచ్చినవ్‌రా?"

"దిగంగనే అడిగిండు. కంపెనీ అన్నంక తీసుకోదా? నీది నీ కాడ ఉన్నదా బావా?"

నాది నన్ను పనిలో పెట్టుకున్న కఫీల్ బీరువాలో ఉంది. విమానం దిగగానే కంపెనీ మనిషి చెయ్యి చాపడం, మేం తీసి అందులో పెట్టడం. వాడికి ఆ అలవాటు ఇక్కడే అయింది. థూ, ఏం బతుకులు మావి!

"ఎక్కడున్నవ్ ఇప్పుడు?"

"కార్ల. హోటల్ అన్నరు గని ఇంకా వస్తలేదు." ఫోను కిటికీ వైపు తిప్పాడు. నగరం ఎప్పుడో అయిపోయింది, అన్నీ పొలాలే.

"కడుపునొస్తుందని ఆపుమను. దిగినవంటే ఒర్లుకుంట ఉరుకు. నీ కాళ్లు మొక్కుతరా!"

"నీకు అన్నిటికీ భయమే బావా" అని నవ్వుతూనే, ముందు కూర్చున్నవాడికి కడుపు పట్టుకుని చూపించాడు. ఆ మనిషి వెనక్కి తిరగనైనా లేదు. కారు ఆగకుండా పెట్రోల్ బంకు దాటిపోయింది.

వాడి నవ్వు ఆగింది. డోరు గుంజుతున్న చప్పుడు వినిపించింది.

"బావా... లోపల్కెల్లి తెరుసుకుంటలేదు."

"అద్దం పలగ్గొట్టు!" అని అరిచాను. ఎవరిదో అరచెయ్యి తెరకు అడ్డమొచ్చింది. "అక్కా!" అని వాడు వేసిన కేక సగంలో తెగిపోయింది.

మళ్లీ మళ్లీ చేశాను. స్విచాఫ్. తల బాదుకుంటూ ఆ డాబా మీదే కూలబడ్డాను. ఇంతలో జగిత్యాల నుంచి జయ ఫోన్.

"ఏమయ్యా, తమ్మునికి ఫోన్ కలుస్తలేదు. నీకేమన్న చేసిండా?"