రెండు చెంచాల టీ

మెదడు కాండంలోని కేంద్రకాల గురించి, అంటే ఒక్కో పనికి ఒక్కటిగా ఉండే నరకణాల గుంపుల గురించి, పద్దెనిమిదేళ్లుగా మెడికల్ కాలేజీ పిల్లలకు నూరిపోస్తున్న మనిషి ఆమె. ఏది కన్ను తిప్పుతుందో, ఏది నాలుక కదుపుతుందో నిద్రలో లేపి అడిగినా చెప్పగలదు. మింగడానికీ మాట్లాడడానికీ పనికొచ్చే కేంద్రకం సన్నటి గీతలా ఉంటుంది.

సరిగ్గా ఆ గీతంత చోటే దెబ్బతింది వాళ్ల అన్నయ్యకు. అదే కాలేజీ క్యాంటీన్‌లో వంటమనిషి అతను. అమ్మానాన్నలు పోయాక చెల్లెల్ని చదివించింది ఆ పొయ్యి దగ్గర నిలబడే. ఒక ఉదయం కళ్లు తిరిగి పడిపోయాడు. మెదడు అడుగున రక్తనాళం మూసుకుపోయిందన్నారు. కాళ్లూ చేతులూ ఆడుతున్నాయి, బుర్ర పాదరసంలా ఉంది. మింగడమే పోయింది. ముక్కులోంచి గొట్టం వేశారు.

పగలు వదిన, సాయంత్రం చెల్లెలు కాపలా. ఇరవై రోజులైనా ఉమ్మి సైతం మింగలేక గిన్నెలో ఊస్తున్నాడు.

"చిట్టీ," అన్నాడు బొంగురు గొంతుతో, "నోరు పిడచకట్టుకుపోతోందే. ఒక్క గుక్క టీ పొయ్యవే."

"వద్దన్నయ్యా, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఇంకో నెల ఓపిక పట్టు."

"నేనెంతమందికి పోశానే! నాకు పోసే దిక్కే లేదా?"

ఆమె ప్రాణం ఉసూరుమంది. నర్సు అటు వెళ్లగానే తన కోసం తెచ్చుకున్న టీ ఫ్లాస్కు మూత తీసి, అతని నోట్లో రెండు చెంచాలు పోసింది. గుటక పడినట్టే అనిపించింది. దగ్గు రాలేదు.

"చక్కెర తక్కువేశావు," అన్నాడు. ఇద్దరూ నవ్వుకున్నారు.

దగ్గు రాకపోవడమే ప్రమాదమని ఆమెకు తెలుసు. గొంతులో తాకిడిని పసిగట్టే కేంద్రకం ఆ పక్కనే ఉంటుంది. అదీ మొద్దుబారితే చుక్క దారి తప్పినా మనిషికి తెలియదు. ఆ పూట ఆ సంగతి మనసులోకి రానివ్వలేదు.

మూడో రోజు జ్వరం. ఐదో రోజు ఆయాసం.

"నోటితో ఏమైనా ఇచ్చారా?" అనడిగాడు డాక్టరు.

ఆమె తల అడ్డంగా ఊపింది. మంచంలో అన్నయ్య ఆమెనే చూస్తున్నాడు. మెల్లగా తనూ తల అడ్డంగా ఊపాడు.

ఎనిమిదో రోజు పోయాడు.

వరండాలో వదిన ఆమె రెండు చేతులూ పట్టుకుని ఏడ్చింది. "నువ్వు చదువుకున్నదానివి పక్కనుండబట్టి ఈ మాత్రమైనా బతికాడమ్మా. నీ రుణం తీర్చుకోలేను."

చెప్పేద్దామని ఆమె నోరు తెరిచింది. వదిన ఆ చేతుల్ని కళ్లకద్దుకుంటోంది.