రెండు రింగులు

ముప్పై దాటినా ఇంట్లో అందరికీ ఆమె చిన్నినే. ఆ పిలుపు ముద్దుకు పెట్టిందే. ఆమె మాటను కూడా ఇంకా చిన్నపిల్ల మాటలాగే తీసిపారేస్తారు, అదే బాధ.

నాలుగు చక్రాలూ లాగే ఆ పాత జీపు నాన్నది. ఆయన మోకాళ్ళు మొరాయించాక, కొండ మీది బడికి తమ వీధిలోని పిల్లల్ని దించి తెచ్చే పని చిన్ని నెత్తికెత్తుకుంది. చిన్న కార్లు చేతులెత్తేసే ఎత్తులో, బురదలో, ఇన్నేళ్ళుగా తోలుతోంది. ఒక్క పిల్లాడికైనా చిన్న గీత పడిందని ఎవరూ అనలేదు.

సెలవుకు వచ్చిన అన్నయ్య, "ఆయిల్ నేను మారుస్తా" అంటూ చొక్కా చేతులు మడిచి జీపు కిందకు దూరాడు. పాత ఆయిల్ ఫిల్టర్ విప్పి, కనీసం దాని మొహం కూడా చూడకుండా బకెట్‌లో పడేసి, కొత్తది అందుకున్నాడు.

"అన్నయ్యా, పాత రబ్బరు రింగు ఫిల్టర్‌తో పాటు ఊడొచ్చిందా? ఈ బండికి అది ఇంజనుకే అంటుకుపోతుంది, ఒకసారి చూడు" అంది చిన్ని.

"నువ్వెళ్ళి టీ పెట్టవే. నాకే నేర్పుతావా?"

వెళ్ళి టీ పెట్టింది. ఇప్పుడు తల్చుకుంటే అందుకే ఆమెకు ఎక్కువ ఒళ్ళు మండుతోంది.

మర్నాడు ఎత్తు మొదలవగానే స్టీరింగ్ ముందు ఆయిల్ హెచ్చరిక దీపం ఎర్రగా వెలిగింది. ఆ క్షణమే ఇంజను ఆపేసింది. దిగి చూస్తే రోడ్డంతా ఆయిలే. పిల్లల్ని నడిపించుకుంటూ బడికి చేర్చింది. ఒక లారీ డ్రైవరు పుణ్యమా అని జీపు తాడు కట్టించుకుని ఇల్లు చేరింది.

అసలేం జరిగిందని ఆమెను ఒక్కరూ అడగలేదు. "ఏ రాయికో కొట్టి ఉంటుంది" అన్నాడు అన్నయ్య. కొడుకు నోట్లోంచి వచ్చాక ఇక తిరుగేముంది! సాయంత్రం గేటు దగ్గర చేరిన పిల్లల తల్లిదండ్రుల ముందే నాన్న తీర్పు చెప్పేశారు.

"మా అమ్మాయికి తోలడం చేతకాలేదండీ. రేపటి నుంచి బండి రాదు, అమ్మేస్తాం."

తాళంచెవి జేబులో వేసుకున్నారు. ఎండనకా వాననకా తోలిన మనిషిని పట్టుకుని, చేతకాలేదట!

తెల్లారగానే చిన్ని అట్ట పరుచుకుని జీపు కింద పడుకుంది. ఫిల్టర్ విప్పింది. కొత్త ఫిల్టర్ రింగు నలిగి పక్కకు తోసుకొచ్చి ఉంది. ఇంజను అంచును వేలితో తడిమితే, ఎండి గట్టిపడిన పాత రింగు అక్కడే కరుచుకుని తగిలింది. దాన్ని పెకలించి, రెండింటినీ తెచ్చి నాన్న ముందు బల్ల మీద పెట్టింది.

"ఒకదాని మీద ఒకటి బిగించాడు నాన్నా. ఆయిలంతా ఆ సందులోంచే పోయింది. నేను వెంటనే ఆపబట్టి ఇంజను దక్కింది."

"కంపెనీవాళ్ళే రెండు పెట్టారేమో" అని గొణిగాడు అన్నయ్య.

ఏది పాతదో ఏది కొత్తదో నాన్నకు ఒకరు చెప్పాలా? జేబులోంచి తాళంచెవి తీసి చిన్ని వైపు చాపారు.

"సరేలే, నువ్వే నడుపుకో. వాడి సంగతి మాత్రం బయట అనకు. పరువు పోతుంది."

చిన్ని దాన్ని ముట్టుకోలేదు.

"నలుగురి ముందూ నా పరువు తీసినప్పుడు గుర్తు రాలేదా నాన్నా? తోలడం చేతకానిదాని బండి ఎవరు ఎక్కిస్తారు తమ పిల్లల్ని?"

"ఇప్పుడు నన్నేం చెయ్యమంటావ్?"

"ఆ మాట చెప్పింది మీరే. ఉన్నదేంటో కూడా మీరే వెళ్ళి చెప్పండి. అప్పటిదాకా ఆ తాళంచెవి నాకొద్దు."

మళ్ళీ జీపు కిందకు వెళ్ళిపోయింది. ఇంజను అంచు శుభ్రంగా తుడిచింది. ఇంకో కొత్త ఫిల్టర్ తీసి, దాని రింగుకు వేలితో కాస్త ఆయిల్ రాసి, చేత్తోనే బిగించింది. పడుకున్న చోటి నుంచి నాన్న చెప్పులు కనిపించాయి. అవి మెల్లగా గేటు దాకా వెళ్ళి ఆగాయి.

"ఒరేయ్ పెద్దోడా, చొక్కా వేసుకుని రా. నువ్వేం చేశావో వీధిలో అందరికీ నీ నోటితోనే చెబుదువు గాని."

గుమ్మంలో నిలబడ్డ అన్నయ్య కాళ్ళు చాలాసేపు కదల్లేదు. అవి గేటు వైపు కదిలాకే ఆమె బయటికొచ్చి ఆయిల్ డబ్బా మూత తీసింది.