చుక్కల మధ్య పరుగు

కనకరత్నం ఎంత దూరం పరిగెడితే ఆవిడ వీధి అంత పొడుగవుతోంది. సోమవారం రెండు కిలోమీటర్లు సాగింది. గురువారానికి వీధి చివరి కూరల బడ్డీ కంటికి ఆనడం లేదు.

విశాఖలో మనవాళ్ల సంగతి తెలిసిందే, మీటింగు పెట్టందే ముద్ద దిగదు. కాలనీ సంఘం అధ్యక్షుడు అప్పలనర్సయ్య గారు బోర్డు మీద నిలువు గీత గీసి, ఇటు లాభాలు, అటు నష్టాలు రాస్తున్నాడు. లాభం ఒక్కటే: ఆవిడకి షుగరు తగ్గింది. నష్టాలు రాస్తుంటే బోర్డు కూడా సాగుతోంది. కొన్న పాలు ఇంటికొచ్చేసరికి పెరుగవుతున్నాయి. పక్కింటి పైడితల్లి వాకిట్లో ఏడు చుక్కల ముగ్గు పదిహేడుకి పోయింది.

"యాభై ఆరేళ్లొచ్చాయి, ఈ పరుగులేటండీ? ఇంట్లోనే నడుచుకోవచ్చు కదా!" అన్నాడు అధ్యక్షుడు.

"ముప్పై ఏళ్లు ఇంట్లోనే నడిచానండీ. ఎక్కడికీ చేరలేదు. రోజంతట్లో ఈ గంటొక్కటే నాది. చచ్చినా ఇవ్వను."

రేపు పొద్దున్న వీధి ఈ చివర నుంచి ఆ చివరికి చేరలేకపోతే ఆవిడ పరుగు మానెయ్యాలని తీర్మానం చేస్తారు. సరేనంటుంది.

తెల్లారేసరికి ఈ గోడ నుంచి ఆ గోడ దాకా రోడ్డంతా మెలికల ముగ్గు! అధ్యక్షుడే దగ్గరుండి వేయించాడు. ముగ్గు తొక్కే ఆడది ఈ వీధిలో లేదని ఆయన ధీమా. నిజమే, కనకరత్నం బుద్ధెరిగాక ముగ్గు తొక్కలేదు. ఒళ్లు మండిపోతుంది ఆవిడకి.

ముగ్గు అంచున ఉన్నచోటే కాళ్లాడిస్తూ పరుగు మొదలుపెడుతుంది.

ఆవిడ పరిగెడితే వీధి సాగుతుంది. వీధి సాగితే దాని మీది ముగ్గూ సాగుతుంది. ఇంత చిన్న సంగతి సంఘంలో ఒక్కరికీ తట్టలేదు, ఏం చెప్పమంటారు! గీతల మధ్య పాదం పట్టేంత చోటొస్తుంది, తర్వాత మనిషి పట్టేంత, తర్వాత బస్సు పట్టేంత. కనకరత్నం ఆ సందుల్లోంచి దూసుకుపోతుంది.

"ఆగండి! ముగ్గు తొక్కేస్తున్నారు!"

"ఎక్కడ తొక్కానో చూపించండి!"

చూపించబోయి అధ్యక్షుడే గీత మీద కాలేస్తాడు. ఆడవాళ్లందరూ నోటి మీద చెయ్యి పెట్టుకుంటారు. పైడితల్లి మాత్రం చీర కుచ్చిళ్లు బిగించి, ముగ్గు డబ్బాతో కనకరత్నం వెంట పరుగందుకుంటుంది.

వీధి సాగి సాగి బీచి దాటుతుంది, సముద్రం మీదికి పోతుంది. పైడితల్లి ముందుకు ముగ్గుపిండి విసురుతోంది. ప్రతి అల మీదా ఒక తెల్ల చుక్క, తడవకుండా, కదలకుండా నిలబడుతోంది.

"ఇంకా ఎన్ని చుక్కలు పెట్టమంటావొదినా?"

"నేనాగేదాకా పెట్టు."

పైడితల్లి డబ్బాలోకి మళ్లీ చెయ్యి పెడుతుంది. పిండి తరగడం లేదు.