కొండ మీద కాటా

మా అన్న శ్రీరంగానికి అనుమానం పుట్టుకతో వచ్చింది. మా ఊరు కొంటాలో కిరాణా దుకాణం ఆయనది. పెట్రోలు బంకుకి వెళ్తే మీటరుతోపాటు పోసేవాడి చేతిని కూడా చూస్తాడు. గుడిలో తీర్థం ఇస్తే ముందు వాసన చూసి, తర్వాత కళ్ళకద్దుకుంటాడు. అలాంటి మనిషికి చెల్లెలినై ఉండి, నేను పోయి పోయి బంగారప్పని చేసే ఉమామహేశ్‌ను ప్రేమించి పెళ్ళి చేసుకున్నాను. ఆ రోజు నుంచి మా అన్న మా ఇంటికి వచ్చినప్పుడల్లా ఉంగరం తీసి జేబులో వేసుకుని మరీ లోపలికి వస్తాడు.

మొన్న దసరాకి ముందు ఒక పెద్ద పని వచ్చింది. బచేలి అనే ఊరి పైన కొండ మీద ఉన్న తెలుగువాళ్ళు తమ గుడిలో అమ్మవారికి కాసులపేరు చేయించాలనుకున్నారు. వాళ్ళ పెద్ద వెంకటనారాయణగారికి మా అన్న పాత స్నేహితుడు. కొంటాలో ఇంకో కంసాలి దొరక్కపోవడంతో, పంటి బిగువున మా ఆయన పేరు చెప్పాడు. ఆ గుడిలో ఒక పద్ధతి ఉంది. ఏ నగనైనా గడప మీద పెట్టి, అందరి ముందూ తూచిన తర్వాతే అమ్మవారి మెడలో వేస్తారు. తూకం తగ్గితే నగ గడప దాటదు. చేసినవాడికి ఆ కొండ మీద మళ్ళీ పని పుట్టదు. తూకం సరిపోతే కిరీటం కూడా మా ఆయనకే ఇస్తామన్నారు. చిన్న ఊళ్ళో కంసాలికి పేరే ఆస్తి. ఆ పేరు మీదే మేం బతుకుతున్నాం.

బయలుదేరే రోజు పొద్దున్నే మా అన్న దిగాడు. మా ఆయన ఎప్పటిలాగే కరెంటు కాటా మీద రెండు వందల గ్రాముల తూకంరాయి పెట్టి, బటన్ నొక్కి సెట్ చేసుకున్నాడు. తర్వాత కాసులపేరు పెట్టాడు. మూడు వందల ఇరవై గ్రాములు. మిల్లీగ్రాము కూడా అటూ ఇటూ లేదు. మా అన్న వంగి వంగి చూశాడు, కాటా కింద చెయ్యి పెట్టి తడిమాడు.

"ఇగ ఈ కాటా మీదనే కొండమీద తూయాలె," అన్నాడు. "వేరే కాటా వద్దు."

"అట్లనే బావా. ఆడ ఇంకోసారి రాయి పెట్టి సెట్ చేస్త," అన్నాడు మా ఆయన.

"ఎందుకు సెట్ చేసుడు? ఈడ చేసినవ్ గదా. ఆడ బటన్లు నొక్కితే నీకు కావాల్సినంత చూపిస్తది. అదేం కుదరది."

"కాటా జరిపినప్పుడల్లా సెట్ చేసుడు మాకలవాటు."

"ఏందయ్యా నీ అలవాటు? ఆ రాయి ఇటియ్యి."

రాయిని రుమాలులో చుట్టి తన జేబులో పెట్టుకున్నాడు. నాకు ఒళ్ళు మండింది. మా ఆయన మాత్రం నవ్వి ఊరుకున్నాడు. కాసులపేరు పెట్టెను నా ఒళ్ళో పెట్టించి, "నువ్వే పట్టుకో, ఎవరికీ ఇయ్యకు," అన్నాడు మా అన్న. ఎవరికీ అంటే ఎవరికో అక్కడున్న ముగ్గురికీ తెలుసు.

బస్సులో పెట్టె నా ఒళ్ళోనే ఉంది. సుక్మాలో బస్సు ఆగినప్పుడు మా అన్న టీ తాగడానికి దిగాడు. నేను బాత్రూముకు వెళ్ళాల్సి వచ్చి పెట్టెను మా ఆయనకిచ్చాను. తిరిగొచ్చేసరికి ఆయన కిటికీలోంచి జామకాయలు బేరం చేస్తున్నాడు. పెట్టె తీసుకుని మళ్ళీ ఒళ్ళో పెట్టుకున్నాను. అంతే జరిగింది.

బచేలి నుంచి జీపులో కొండెక్కాం. పైన చలి, పొగమంచు. గడప దగ్గర చాలామంది చేరారు. మా ఆయన కాటా పెట్టి, మట్టం చూసి, సున్నా వచ్చేదాకా ఆగాడు. మా అన్న ఆయన వేళ్ళమీద నుంచి కళ్ళు తీయలేదు. వెంకటనారాయణగారు రెండు చేతులతో కాసులపేరు కాటా మీద పెట్టారు.

మూడు వందల పంతొమ్మిది పాయింట్ తొంభై.

తీసి మళ్ళీ పెట్టారు. అదే అంకె.

"వంద మిల్లీలు తగ్గిందండీ," అన్నారు వెంకటనారాయణగారు, మెల్లగా.

వంద మిల్లీలంటే గోటి మీద పట్టేంత బంగారం. కానీ అమ్మవారి బంగారం. గడప దగ్గర గుసగుసలు మొదలయ్యాయి. ఏదో తేడా ఉందన్నట్టు ఎవరో హిందీలో "గడ్‌బడ్ హై" అన్నారు. మా ఆయన ముఖం పాలిపోయింది. ఎన్నాళ్ళుగానో ఎదురుచూసిన చుట్టం ఇంటికొచ్చినట్టు నిలబడ్డాడు మా అన్న.

"అదే కాటా, అదే నగ. పొద్దున నా కళ్ళముందట సరిగ్గుంది," అన్నాడు. "శిల్పా, పెట్టె నీ ఒళ్ళోంచి ఏడన్న దిగిందా?"

నేను మా ఆయన చేతులవైపు చూశాను. ఎందుకు చూశానో ఇప్పటికీ చెప్పలేను. కళ్ళు వాటంతట అవే వెళ్ళాయి. ఆకురాయి పట్టీ పట్టీ కాయలు కాసిన వేళ్ళు. వంద మిల్లీలు ఆ వేళ్ళకు ఎంతసేపు పని?

"సుక్మాలో... కాసేపు ఆయనకిచ్చిన," అన్నాను.

మా ఆయన నావైపు చూసి, తల దించుకున్నాడు.

అప్పుడు వెనకనుంచి భానుప్రసాద్ అనే ఆయన ముందుకొచ్చాడు. అక్కడి బడిలో సైన్సు చెప్తాడట, గుంటూరు మనిషి. "ఉండండి, తొందరపడి మాట అనకండి. ఈ కాటాని సెట్ చేసే రాయి ఏదండీ?" అన్నాడు.

మా అన్న జేబులోంచి రుమాలు తీశాడు. "ఇగో. పొద్దున్నుంచి నా జేబు దాటలే. ఎవ్వలూ ముట్టలే."

"కాటా మీద పెట్టండి."

మా అన్నే పెట్టాడు. నూట తొంభై తొమ్మిది పాయింట్ తొంభై నాలుగు.

మా అన్న రాయిని తీసి తుడిచి మళ్ళీ పెట్టాడు. మారలేదు. ఈసారి అందరి చూపూ మా అన్న జేబు మీదికి పోయింది. వెంకటనారాయణగారైతే జేబునీ, ముఖాన్నీ మార్చి మార్చి చూశారు. నవ్వకుండా ఉండటానికి పెదవి కొరుక్కున్నాను.

"ఈ రాయిని ఎవరూ గీకి ఉండరు. ఏదో కారణం ఉంటుంది," అన్నాడు ఎవరో.

"ఉంది," అన్నాడు భానుప్రసాద్. "ఈ కాటాకి బంగారం ఎంతుందో తెలియదండీ. పళ్ళేన్ని ఎంత గట్టిగా కిందికి నొక్కుతోందో అదే దానికి తెలుసు. ఆ నొక్కుడు భూమి లాగడం వల్ల వస్తుంది. కొంటా ఏటి ఒడ్డున పల్లంలో ఉంది. మనం ఇంత ఎత్తున ఉన్నాం, భూమి మధ్యనుంచి దూరం జరిగాం. లాగుడు రవ్వంత తగ్గింది. బరువు తగ్గింది, బంగారం తగ్గలేదు. ఇదే నగ చంద్రుడి మీద యాభై మూడు గ్రాములే చూపిస్తుంది, ఒక్క కాసు రాలకపోయినా. అందుకే చోటు మారితే కాటాని మళ్ళీ సెట్ చేయాలి. ఎందుకు చేయలేదు?"

మా అన్న గుడి గోపురం వైపు శ్రద్ధగా చూడసాగాడు.

మా ఆయన సంచిలోంచి వాళ్ళ నాన్న వాడిన చిన్నత్రాసు తీశాడు. ఒక పళ్ళెంలో కాసులపేరు, రెండో పళ్ళెంలో ఆ రెండు వందల రాయి, దానికి తోడు వందదీ ఇరవైదీ పెట్టి, దారం పట్టుకుని ఎత్తాడు. ముల్లు కాస్త ఊగి, నిటారుగా నిలబడింది.

"రెండువైపులా ఒకేలా తేలికవుతాయి కాబట్టి దీనికి కొండైనా కొంటా అయినా ఒకటే," అన్నాడు భానుప్రసాద్.

ఆ తర్వాత మా ఆయన కరెంటు కాటాని కూడా సెట్ చేసి తూచాడు. మూడు వందల ఇరవై. వెంకటనారాయణగారు ఆయన భుజం తట్టి, కిరీటం కొలతలు తీసుకోమన్నారు. కాసులపేరు గడప దాటింది. మా అన్న వచ్చి, "మనసులో పెట్టుకోకు బావా," అన్నాడు. మా ఆయన నవ్వి, "నీ సంగతి నాకెరుక లేదా బావా? నువ్వు అనుమానపడకుంటేనే నాకు భయమయ్యేది," అన్నాడు. ఇద్దరూ కలిసి పులిహోర తిన్నారు.

మా ఆయన నాతో మాత్రం మాట్లాడలేదు. జీపు దిగేదాకా, బస్సెక్కేదాకా ఒక్క మాట లేదు. ముందు సీట్లో మా అన్న నిద్రపోయాక నేనే అడిగాను.

"మా అన్నతోని నవ్వినవ్. నాతోనెందుకు మాట్లాడవు?"

ఆయన కిటికీ వైపే చూస్తున్నాడు.

"అన్న అడిగిండు, ఉన్నది చెప్పిన. అబద్ధం చెప్పమంటవా?"

"అబద్ధమెందుకు. నాకిచ్చినవ్, తీసుకున్న, నిజమే," అన్నాడు. "బంగారం తగ్గిందనంగనే నేను అన్నీ ఆలోచించిన. కాటా పాడైందా అనుకున్న, అతుకు ఊడిందా అనుకున్న, మీ అన్న ఏమన్న చేసిండా అని గూడ అనుకున్న. పెట్టె పొద్దంతా నీ ఒళ్ళోనే ఉండె శిల్పా. ఆ ముచ్చటొక్కటే నాకు యాదికి రాలే."

నాకు ఏడుపొచ్చింది. ఆయన చెయ్యి పట్టుకోవాలనిపించింది, పట్టుకోలేకపోయాను.