వణకని అంకె

"ఎన్ని?" అన్నాడు చుక్కాయన ఫోన్లో.

"ఆరు."

"సరిగ్గా చూసి చెప్పు."

"ఆరే బావా. కళ్లజోడు పెట్టుకునే చూశా. లైటుకి ముద్దు కూడా పెట్టి చెప్పమంటావా?"

పంపింది ఆరే. అప్పుడు గాని చుక్కాయన మిగతా కమాండు కొట్టలేదు. పన్నెండో పెట్టె ఒక్క క్షణం ఆలోచించుకుని, చెప్పిన అంకె మింగి, మళ్లీ చుక్క పెట్టింది.

ఆయన బల్ల మీద నల్లటి తెర. తెర ఎడమ పక్కన ఒక తెల్లటి చుక్క. చుక్క ఉందంటే అవతలి పెట్టె వింటోందని అర్థం. ఊరు మొత్తం మీద అలాంటి పెట్టెలు నలభై రెండు, వాననీటి సంపుల దగ్గర, వంతెనల కింద, ఇనప బీరువాల్లో తలదాచుకుని ఉన్నాయి. పంపుల్ని తిప్పేదీ ఆపేదీ అవే. వాటికి జబ్బు చేస్తే ఈ గదిలో కూర్చునే, ఒక్కొక్క అక్షరం కొట్టి నాడి చూడాలి. డి కొడితే లోపలి అంకెలు చూపిస్తుంది. డబ్ల్యూ కొడితే రాయనిస్తుంది. హెచ్ కొడితే కట్టేసినట్టు ఆగుతుంది. ఇరవై రెండేళ్లుగా ఆయన మాట్లాడిన మాటల్లో సగం ఇవే. అందుకే చుక్కాయన అన్నారు. కొత్తగా చేరినవాళ్లు ఆ పేరు విని మందు అలవాటుందేమో అనుకుంటారు. ఆయన టీలో పంచదార కూడా వేసుకోడు.

అన్ని పెట్టెలకీ ఒకటే చుక్క. అదే చిక్కు. నేను ఫలానా అని ఏదీ చెప్పదు. పదిహేనేళ్ల కిందట ఒకసారి ఇరవై నాలుగో పెట్టెలో ఉన్నాననుకుని నలభై రెండులో రాశాడు. అక్కడ గొట్టం విప్పుకుని కూర్చున్న బావ, ఇప్పుడు ఫోన్లో ఆరన్నవాడే, నిలువునా తడిసి, చెవుల్లోంచి బురద తీసుకుంటూ ఫోన్ చేసి, చుక్కాయన ఏడు తరాలనీ వరసబెట్టి పలకరించాడు. తిట్లయిపోయాక ఇద్దరూ కూర్చుని ఒక పద్ధతి పెట్టుకున్నారు. ఏ పెట్టెలో ఏం రాయాలన్నా ముందు దాని ఎర్రలైటు కొన్నిసార్లు వెలిగించాలి. ఎన్నిసార్లో చెప్పకూడదు. ఎదురుగా నిలబడ్డవాడు లెక్కపెట్టి చెప్పాలి. అంకె కలిస్తేనే రాత. ఈ సంగతి ఏ పుస్తకంలోనూ లేదు. పై అంతస్తు వాళ్లకి తెలిసినప్పుడల్లా చిన్నపిల్లల ఆటలని నవ్వారు. నవ్వితే నవ్వారు, ఈ పదిహేనేళ్లలో ఒక్క మనిషికి ఒక్క గోరు ఊడలేదు.

బావకీ ఈయనకీ చుట్టరికం లేదు. పనిలో చేరిన మొదటి రోజే అతను ఫోన్లో "ఏం బావా" అన్నాడు. ఈయన "ఎవడ్రా నీ బావ?" అన్నాడు. అంతటితో వరస ఖాయమైపోయింది. ముఖాముఖి చూసుకున్నది పదిసార్లుంటుందేమో. గొంతులో తేడాని బట్టే అవతలి మనిషికి జలుబో, ఇంట్లో గొడవో చెప్పేయగలరు.

ఈ రోజు గది తలుపుకి ఒక కాగితం అంటించి ఉంది. సాయంత్రం నాలుగు గంటలకి పాత లైన్లన్నీ తీసేస్తారట. పై అంతస్తులో గోడంత రంగుల తెర పెట్టారు, ఇక అన్నీ దాన్లోనే కనబడతాయట. చుక్కాయన రేపటి నుంచి స్టోర్సులో బోల్టులు లెక్కపెట్టాలి. చదివినట్టు సంతకం చేయమన్నారు. చేశాడు. పెన్ను కాగితాన్ని చించుకుని తలుపు చెక్కలోకి దిగింది.

ఎనిమిదో తరగతిలో బడి మానేసిన మనిషి. రేడియోల కొట్లో కింద కూర్చుని టంకం పెట్టడం నేర్చుకున్నాడు. ఈ పెట్టెలు వచ్చిన కొత్తలో ఒక ముసలి ఇంజనీరు ఈయన వేళ్లలో పనితనం చూసి చేరదీశాడు. తొమ్మిది తర్వాత పది రాదయ్యా, ఏ వస్తుంది, బీ వస్తుంది, ఎఫ్ దాకా వెళ్లి అప్పుడు ఒకటి పక్కన సున్నా వస్తుంది అని ఆ పెద్దాయన చెప్పిన లెక్క నాలుగు రోజుల్లో ఒంటికి పట్టింది. ఇప్పటికీ ఇంట్లో మెట్లెక్కుతుంటే ఆ వరసే నోటికొస్తుంది. "నీకు పెట్టెలతో ఉన్నన్ని మాటలు నాతో లేవు," అంటుంది ఇంటావిడ. కోపంగా అనదు, పప్పులో ఉప్పు తక్కువైందన్నట్టు అంటుంది. ఈ పొద్దున మాత్రం బయల్దేరుతుంటే, చొక్కా కాలరు సరిచేసి, "ఎవరితోనూ గొడవ పెట్టుకోకు," అంది. దాంతో ఆవిడ మీదా కోపం వచ్చింది.

కోపమొచ్చినా చేతులు పని మానలేదు. రోజూ చేసినట్టే ఒకటో పెట్టె నుంచి వరసగా నాడి చూసుకుంటూ వచ్చాడు. ముప్పై ఒకటో పెట్టె దగ్గర ఆగాడు.

అది రైల్వే అండర్ బ్రిడ్జి కింద సంపు. వాన పడితే రోడ్డు మీది నీళ్లన్నీ అందులోకే జారతాయి, రెండు పంపులు ఎత్తిపోయాలి. నీళ్లెంత ఉన్నాయో చెప్పేది తాడుకి కట్టిన ఫ్లోటు బంతి. దాని అంకె రెండు వందల పన్నెండు. చుక్కాయన మళ్లీ డి కొట్టాడు. రెండు వందల పన్నెండు. పదిసార్లు కొట్టాడు, పదిసార్లూ అదే. తన నోటుబుక్కు తిరగేశాడు. నిన్న రెండు వందల పన్నెండు. మొన్న, అటుమొన్న కూడా.

ప్రాణమున్న అంకె వణుకుతుంది. పైన రైలు పోయినా, గాలి కొట్టినా, కప్ప గెంతినా ఒకటో రెండో అటూ ఇటూ అవుతుంది. నాలుగు రోజులు కదలకుండా ఉన్న అంకె శవం. బంతి ఎక్కడో చిక్కుకుంది. రేపు నీళ్లు మెడ దాకా వచ్చినా ఆ పెట్టె రెండు వందల పన్నెండే అంటుంది, పంపు తిప్పదు. కిటికీలోంచి చూస్తే పడమటి దిక్కు కాటుక పూసినట్టుంది. పోయిన ఏడు ఇలాంటి వానకే ఆ బ్రిడ్జి కింద బస్సు సగం మునిగింది. జనం కిటికీల్లోంచి టాపు మీదికెక్కారు, ఒక ముసలావిడ మాత్రం ఎక్కలేకపోయింది.

రెండేసి మెట్లు దాటుకుంటూ పైకి వెళ్లాడు. నాలుగింటికి మీట నొక్కడానికి ఎవరో పెద్ద అతిథి వస్తారని పై గదిలో పూలకుండీలు సర్దుతున్నారు. గోడంత తెర మీద నలభై రెండు పచ్చ బొట్లు. ఆఫీసరు అద్దంలో చూసుకుంటూ జేబుకి బ్యాడ్జీ పెట్టుకుంటున్నాడు.

"ముప్పై ఒకటి చచ్చిపోయింది సార్."

"పచ్చగా ఉంది కదయ్యా!"

"పచ్చగా ఉంటే బతికున్నట్టేనా? అంకె నాలుగు రోజుల నుంచి కదల్లేదు."

"అంకె హద్దుల్లోనే ఉంది. హద్దుల్లో ఉంటే పచ్చే." ఆఫీసరు ఇటు తిరిగాడు. "చూడు, సీటు పోతోందని కడుపుమంట ఉంటుంది, నాకర్థమైంది. దానికి ఇవాళే దొరికిందా?"

"కడుపుమంట ఉంది సార్. లేదని ఎవడన్నాడు? అది వేరు, ఇది వేరు. బావని పంపిస్తున్నా, సంపులోకి దిగి చూస్తాడు. మనిషి లోపలుండగా పెట్టెని నేను ఇక్కణ్ణుంచి పట్టుకుని కూర్చోవాలి. లైను తెగిందంటే అది తనంతట తానే మళ్లీ మొదలవుతుంది. మొదలవగానే రెండు పంపుల్నీ ఒకసారి తిప్పి చూసుకుంటుంది. నాలుగు దాకా లైను ముట్టుకోరు కదా?"

"నాలుగంటే నాలుగే. వెళ్లు. చెప్పులతో కార్పెట్ తొక్కకు."

బావ చేరేసరికి మూడు దాటింది. అతని వెంట ఉండాల్సిన రెండో మనిషి ఉద్యోగం పోయిన నెలలోనే తీసేశారు.

"బావా, మెయిన్ స్విచ్ గదికి తాళం ఉంది. కొత్తది, మెరుస్తోంది."

"కొత్త తెర పెట్టిన కంపెనీవాళ్లది. ఫోన్ చెయ్."

"చేశా. పాట వినిపిస్తోంది గానీ మనిషి పలకట్లేదు."

చుక్కాయన కూడా చేశాడు. పాట బాగానే ఉంది. మూడుసార్లు పూర్తిగా విన్నాడు.

"వద్దులే బావా, తిరిగొచ్చెయ్," అన్నాడు చివరికి. "మెయిన్ ఆపకుండా దిగడం ఏం పని?"

అవతల బస్సు హారన్ వినబడింది.

"మబ్బు చూశావా?" అన్నాడు బావ. "ఈ దారిన నిమిషానికో బస్సు పోతోంది. నువ్వు పట్టుకుంటే చాలదా? ఎన్నిసార్లు దిగలేదు అట్లా?"

నిజమే. చాలాసార్లు దిగాడు. వద్దు అని చుక్కాయన రెండోసారి అనలేదు.

లైటు వెలిగించాడు. "ఎన్ని?"

"తొమ్మిది. ఇంత పెద్ద అంకె ఎప్పుడూ పంపలేదేం? ఇవాళ నీకు భయంగా ఉందిరా బావా."

"నోర్మూసుకుని దిగు."

హెచ్ కొట్టాడు. పెట్టె ఆగింది. చుక్క నిలబడింది. గోడ గడియారంలో మూడూ ఇరవై అయిదు. ఫోన్ స్పీకరులో పెట్టి గట్టు మీద ఉంచినట్టున్నాడు, బావ గొంతు నూతిలోంచి వచ్చినట్టు వస్తోంది. ఛాతీ దాకా నీళ్లున్నాయన్నాడు. కంపు గురించి రెండు మంచి మాటలన్నాడు. ఫ్లోటు తాడు గుడ్డపేలికలతో కలిసి పంపు నోటికి చుట్టుకుందన్నాడు. కోస్తే కొత్త తాడు ఎవడిస్తాడు, చేత్తోనే విప్పుతానన్నాడు.

చుక్కాయన డి కొడుతూ కూర్చున్నాడు. రెండు వందల పన్నెండు. రెండు వందల పన్నెండు. పైన కుర్చీలు జరుగుతున్న చప్పుడు. రెండు వందల పన్నెండు. మూడూ ముప్పై ఎనిమిది.

రెండు వందల పద్నాలుగు.

మళ్లీ కొట్టాడు. రెండు వందల పదకొండు. రెండు వందల పదిహేను.

"వణికింది!" అని అరిచాడు. "బావా, వణికింది! వచ్చెయ్, పైకొచ్చెయ్!"

"ఒక్క చుట్టు ఉంది, విప్పేసి..."

పైన చప్పట్లు మోగాయి. తెర మీద చుక్క లేదు.

ఫోన్లో మోటారు పాట అందుకున్న చప్పుడు. మొదట బరువుగా మూలిగింది, తర్వాత మామూలుగా తిరిగింది. దాని వెనకాల ఇంకే చప్పుడూ లేదు.

చుక్కాయన హెచ్ కొట్టాడు. హెచ్ కొట్టాడు. వేలు విరిగేట్టు కొట్టాడు. తర్వాత మెట్ల మీద ఉన్నాడు, తర్వాత పూలకుండీలని తన్నుకుంటూ ఆ గది మధ్యలో ఉన్నాడు. అతిథిగారు త్వరగా వచ్చారు. పెద్దవాళ్లకి సాయంత్రం ఇంకో పని ఉందట. అందుకని ఇరవై నిమిషాలు ముందే మీట నొక్కించారు. తెర మీద ముప్పై ఒకటో బొట్టు పక్కన 'పంపు నడుస్తోంది' అని అక్షరాలు వెలుగుతున్నాయి. ఆఫీసరు వాటినే చూపిస్తున్నాడు.

"చూశారా సార్, ఎవరూ చెప్పకుండా దానంతట అదే..."

"ఆపండి!" అన్నాడు చుక్కాయన. "లోపల మనిషున్నాడు. ఆపండి దాన్ని!"

కంపెనీ ఇంజనీరు తెర వైపు చూశాడు, తన చేతిలోని పలకలాంటి చిన్న తెర వైపు చూశాడు. ఆపే బటను ఇంకా పెట్టలేదన్నాడు. వచ్చే నెల పెడతామన్నాడు.

చుక్కాయన ఆఫీసరు కాలరు పట్టుకున్నాడు. ఇరవై రెండేళ్లలో ఆ భవనంలో ఎవరి మీదా చెయ్యి వేయని మనిషి, బ్యాడ్జీతో సహా గుప్పిట్లో బిగించి, "నాలుగన్నావ్, నాలుగంటే నాలుగే అన్నావ్," అని అదే మాట అంటూ ఊపాడు. నలుగురు పట్టి లాగితే గాని వదల్లేదు. అతిథిగారిని వేరే తలుపు గుండా తీసుకెళ్లిపోయారు.

అండర్ బ్రిడ్జి చేరేసరికి వాన దంచుతోంది. అగ్నిమాపక శాఖవాళ్లు వచ్చి తాళం పగలగొట్టి మెయిన్ ఆపి, పని ముగించుకుని, మళ్లీ వేసి వెళ్లిపోయారు. బావని కూడా తీసుకెళ్లిపోయారు. గొడుగు కింద నిలబడ్డ పోలీసు ఒక్కడే మిగిలాడు.

"ఊపిరుందా?" అని అడిగాడు చుక్కాయన.

పోలీసు తల అడ్డంగా ఊపాడు. "ఆయన మీకేమవుతాడు?"

"బావ."

"సొంత బావా?"

రోడ్డు మీద నీళ్లు నిలవడం లేదు. ఫ్లోటు లేచినప్పుడల్లా పంపు ఎత్తిపోస్తోంది, పడినప్పుడల్లా ఆగుతోంది. బస్సులు వరసగా, లోపల లైట్లు వేసుకుని, జనంతో కిక్కిరిసి పోతున్నాయి. కిటికీ దగ్గర ఎవరో అరటిపండు తింటున్నారు.

ఇనప బీరువా తలుపు తెరిచే ఉంది. లైటు కనబడాలని బావ తెరిచిపెట్టి, దిగేముందు చినుకులు మొదలయ్యాయి కాబోలు, చొక్కా విప్పి పెట్టె మీద కప్పాడు. గాలికి ఎగరకుండా రెండు చేతుల్నీ వెనక్కి తిప్పి ముడేశాడు. నీలం గళ్ల చొక్కా. మెడ దగ్గర కుట్టు విడిపోతే ఎవరో తెల్లదారంతో కుట్టారు. అది వానకి నాని, బరువెక్కి, అంచుల నుంచి ధారగా కారుతూ, లోపలి తీగల మీద ఒక్క చుక్క పడనివ్వకుండా పెట్టెని కావలించుకుని ఉంది.